పదకొండుకి ఏడు

1986 జనవరి 19, ఆదివారం. ఆ సాయంత్రం తాల్‌బగీచా పేటలో ఆర్థర్ ఇంటి వరండాలో కూర్చుని త్యాగరాజు రెండు చోడి రొట్టెలు, ఈతబెల్లం ముక్కతో తిన్నాడు. బెల్లం కొత్తది, ఇంకా పొగ వాసన పోలేదు. రొట్టె అంచులు కరకరలాడుతున్నాయి. ఆరేళ్ల తర్వాత కూడా ఆయనకి ఆ తేదీ, ఆ రుచి గుర్తుండడానికి కారణం ఒకటే. ఆ ఇంట్లో ఆయన తిన్న ఆఖరి తిండి అదే.

త్యాగరాజు ఖరగ్‌పూర్‌లో తెలుగు బడిలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాడు. విశాఖపట్నంలో బీయస్సీ చదివి, ఇరవయ్యారేళ్ల వయసులో ఈ రైలు ఊరికొచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. బడిలో ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ చూసుకోవడం మూలాన విమానాల బొమ్మల పిచ్చి అంటుకుంది. మొదట రబ్బరు తాడుతో ఎగిరేవి చేశాడు. తర్వాత ఇంజనుతో ఎగిరేవి. ఆఖరికి, ఓడలో పనిచేసే బావమరిది సింగపూర్ నుంచి రేడియో సెట్టు తెచ్చి ఇచ్చాక, నేల మీద నిలబడి చేతిలో పెట్టెతో ఆకాశంలో పల్టీలు కొట్టించే విమానం ఒకటి తయారుచేశాడు. రెక్కలు ఐదడుగుల పొడవు. భార్య కోటేశ్వరి పాత పసుపు పచ్చ చీర రంగు వేశాడు దానికి. ఆ చీర పోల్చుకుని ఆవిడ నవ్వింది కూడా.

1983 వానాకాలంలో కోటేశ్వరి పోయింది. పిల్లలు లేరు. త్యాగరాజు బడికి వెళ్లేవాడు, సుభాష్‌పల్లిలో ఇంటికొచ్చి తలుపేసుకునేవాడు. విమానం మీద దుప్పటి కప్పేశాడు. పలకరించడానికి వచ్చిన వాళ్లందరూ ఒకే నాలుగు మాటలు చెప్పి వెళ్లేవారు. అయిదు నెలలు పోయాక ఒక సాయంత్రం ఎవరో పెద్దగా పరిచయం లేని మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. పొట్టిగా, నల్లగా, జేబులో మడత స్కేలుతో. చేతిలో నూనె రాసి మెరుస్తున్న ఒక చెక్క ప్రొపెల్లర్.

"రిపబ్లిక్ డే నాడు గ్రౌండులో మీ ఇమానం సూసినాను మేస్టారూ. చెక్కముక్కొకటి కాళీగా ఉంటే ఈ పంఖా సెక్కినాను. ఇది తిరగతాదో, తిరగబడతాదో మీరే సెప్పాల."

ఆ మనిషి ఆర్థర్. రైల్వే వర్క్‌షాపులో ప్యాటర్ను షాపు పనివాడు. ఇనుముతోనో ఉక్కుతోనో ఏ వస్తువు పోతపోయాలన్నా, ముందు దాని ఆకారం చెక్కలో చెయ్యాలి. ఆ చెక్కని ఇసకలో ఒత్తి తీసి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఆ చెక్క ఆకారాలు చేసేవాళ్లలో ఆర్థర్ చేతికి సాటి లేదని షాపంతా అనేది. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు వెయ్యడానికొచ్చాడు. మనవడు చర్చిలో పాడతాడు, బెంగాలీలో బేరమాడతాడు, తెలుగులో తిడతాడు.

ఆర్థర్ ఆ రోజు కోటేశ్వరి ఊసెత్తలేదు. ఒక్క ఓదార్పు మాట అనలేదు. త్యాగరాజు దుప్పటి తీశాడు. ఆయనకి తెలిసినంతలో, దేవుడు చేసిన మేలన్నది ఏదైనా ఉంటే అది ఆ సాయంత్రమే.

ఆ తర్వాత రెండేళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఊరి బయట యుద్ధకాలం నాటి పాత సిమెంటు రన్‌వే మీదికి సైకిళ్లు తొక్కుకుంటూ వెళ్లేవారు. సైకిలు వెనక విమానం, హ్యాండిలుకి పెట్రోలు వాసన కొట్టే సంచీ. ఆర్థర్ "మేస్టారూ, మీరు" అనేవాడు. త్యాగరాజు "ఆర్థరూ, నువ్వు" అనేవాడు. ఇద్దరిదీ ఒకటే వయసు. ఎందుకలాగో ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

1986 ఫిబ్రవరిలో కలకత్తాలో పోటీ పెట్టారు. విమానం సిద్ధంగా ఉంది. తేలవలసిందల్లా ఏ ప్రొపెల్లర్ బిగించాలన్నదే.

ప్రొపెల్లర్‌కి రెండు అంకెలుంటాయి. మొదటిది కొస నుంచి కొసకి పొడవు, అంగుళాల్లో. రెండోది, ఒక్క చుట్టు తిరిగితే గాలిని తొలుచుకుంటూ ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ లెక్క, చెక్కలో మరమేకు దిగినట్టు. పన్నెండుకి అయిదు బిగిస్తే విమానం నిటారుగా పైకి లాగుతుంది గానీ పరుగుండదు. పదికి ఎనిమిది బిగిస్తే దూసుకుపోతుంది, నిలువుగా ఎక్కమంటే సగంలో ఊపిరి ఆడక ఆగిపోతుంది. దిగేటప్పుడు పగ్గాల్లేని గుర్రం. పల్టీల విమానానికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకటే నడక ఉండాలి. త్యాగరాజు దీన్ని సుద్దముక్కతో రన్‌వే మీద సమీకరణాలు రాసి చెప్పాడు.

ఆర్థర్ వింటూ బీడీ పూర్తిచేశాడు. "మరి గూడ్సింజనుకి సిన్న సక్రాలు, మెయిలింజనుకి పెద్ద సక్రాలు ఎందుకెడతారు మేస్టారూ? ఇదీ అదేగదా! దీనికి ఇన్ని కోడిగీతలెందుకు?"

"నా పాతికేళ్ల ఉద్యోగం కోడిగీతలేనయ్యా."

"పిల్లలు అందుకే పెయిలవుతున్నారు."

ఆ చలికాలంలో ఆర్థర్ ఏడు ప్రొపెల్లర్లు చెక్కాడు, వేలంలో కొన్న పాత బోగీ సీటు తాలూకు టేకు చెక్కతో. త్యాగరాజు ఎగరేసేవాడు, కాగితం మీద సెకన్లు రాసుకునేవాడు. ఆర్థర్ కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవాడు. "ఇది దగ్గుతున్నాది." "ఇది ఏడుస్తున్నాది." నాలుగో వారం, పదకొండుకి ఏడు బిగించి నిలువుగా ఎక్కించినప్పుడు ఆర్థర్ కళ్లు తెరవలేదు. "ఇది పాడుతున్నాది మేస్టారూ" అన్నాడు. కాగితం మీద సెకన్లు కూడా అదే చెప్పాయి. తర్వాతి వారమే దిగేటప్పుడు రాయి తగిలి దాని కొస విరిగింది. పోటీకి సరిగ్గా అలాంటిదే కొత్తది చెక్కుతానని ఆర్థర్ మాటిచ్చాడు.

దాన్ని తీసుకోవడానికే జనవరి 19 సాయంత్రం త్యాగరాజు తాల్‌బగీచా వెళ్లింది. ఆర్థర్ లేడు. అతని భార్య సూసన్న వరండాలో కుర్చీ వేసింది.

"పాటల ప్రాక్టీసని సర్చికి ఎల్లినారు మేస్టారూ. వచ్చీస్తారు, కూకోండి. అదిగో మీ పంఖా, బల్ల మీద. రాత్రి ఒంటిగంట దాకా రుద్దినారు. నా తలకి రాయని నూనంతా దానికే రాసినారు."

ఆవిడ రొట్టెలు పెట్టి లోపలికి వెళ్లింది. త్యాగరాజు తింటూ, ఎడమచేత్తో ప్రొపెల్లర్ తీసి చూశాడు. అందంగా ఉంది. కొసలు పల్చగా, ఈనె తిన్నగా. పనిబల్ల మీద ఉలులు, ఆకురాళ్లు, ఒక పాత ఉక్కు స్కేలు ఉన్నాయి. లెక్కల మాస్టారి చెయ్యి ఊరుకోదు కదా. స్కేలు తీసి ప్రొపెల్లర్ మీద పెట్టాడు.

పదీ ముప్పావు.

ఆయన రొట్టె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని మళ్లీ కొలిచాడు. మధ్య చిల్లు నుంచి ఒక కొసకి, తర్వాత రెండో కొసకి. రెండు వైపులా సరిసమానం. మొత్తం మాత్రం పదకొండుకి పావంగుళం తక్కువ, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ. మూడోసారి కొలిచాడు. లోపల సూసన్న గిన్నెల చప్పుడు దగ్గరయ్యేసరికి, దొంగతనం చేస్తున్నవాడిలా స్కేలు ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

ఒకరి ఇంట్లో కూర్చుని, వాళ్లు పెట్టింది తింటూ, వాళ్ల పనిని వాళ్ల వెనక కొలవడం తప్పని ఆయనకి ఆ క్షణమే తెలుసు. ఆ సిగ్గుతోనే, ఆర్థర్ వచ్చేదాకా ఉండకుండా లేచాడు. "పని ఉందమ్మా, మళ్లీ వస్తా" అన్నాడు. ప్రొపెల్లర్‌ని పేపర్లో చుట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో లెక్క వేశాడు. పావంగుళం అంటే చూడ్డానికి ఏమీ కాదు. కానీ పొడవు కాస్త తగ్గితే ఇంజను మీద బరువు బాగా తగ్గుతుంది. ఇంజను ఊరికే గింగిరాలు తిరుగుతుంది, పైకి లాగే పట్టు పోతుంది. కాగితం మీద అంతా స్పష్టంగా ఉంది. ఒక్కసారి విమానానికి బిగించి రన్‌వే మీద తిప్పి చూస్తే, ఆ చప్పుడే చెప్పేది నిజం. ఆ పని చెయ్యలేదు. కొలిచిన తర్వాత ఇంక చూడ్డానికేముంది అనుకున్నాడు.

ఆర్థర్‌కి చెప్పవచ్చు. "ఒరే, పావంగుళం తగ్గిందేంట్రా" అని నవ్వుతూ అడిగేంత స్నేహం ఉంది. కానీ యాభై మూడేళ్ల మనిషి, చేతిపని మీద బతికినవాడు. కళ్లు తగ్గాయేమో. చెయ్యి తప్పుతోందేమో. ఆ సంగతి తన నోటితో చెప్పి మనసు కష్టపెట్టడం ఎందుకు? త్యాగరాజు మెత్తని మనిషి. ఆయన జీవితంలో చేసిన పెద్ద తప్పు ఆ మెత్తదనంతోనే చేశాడు.

ఫిబ్రవరి 9న తెల్లవారుజామున హౌరా లోకల్ ఎక్కించడానికి ఆర్థర్ స్టేషనుకొచ్చాడు. పోటీ ఆదివారమే పడింది, చర్చిలో అతను పాడాలి, అందుకని రాలేకపోతున్నాడు. తోడుగా రైల్వే ఆఫీసు గుమాస్తా ఉమాపతి వస్తున్నాడు, బ్యాటరీ మొయ్యడానికి.

"పంఖా బిగించినారా మేస్టారూ?"

"అక్కడికెళ్లి బిగిస్తాను."

"నేను మా దేముణ్ని అడుగుతాను, మీరు మీ దేముణ్ని అడగండి. ఇద్దరిలో ఎవుడు కాళీగా ఉంటే ఆడు సూస్తాడు."

ఉమాపతి రైలుపెట్టెలోంచి తల బయటపెట్టాడు. "నా పేరు చెప్పి అడక్కయ్యా ఆర్థరూ. ఆ దేవుడికి నా బాకీ చాలా ఉంది."

కలకత్తాలో త్యాగరాజు బావమరిది తెచ్చిన విదేశీ నైలాను ప్రొపెల్లర్ బిగించాడు, పదకొండుకి ఆరు. పైకి ఎక్కడం బాగానే ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం ఇంజను కీచుమని అరిచింది, ఆ అరుపుకి ఆయన వేళ్లు తడబడ్డాయి, రెండు పల్టీలు వంకరపోయాయి. పదకొండు మందిలో నాలుగోవాడయ్యాడు.

ఉమాపతి అడిగాడు, "ఆర్థర్ చెక్కింది ఏదీ?"

"పావంగుళం కురచ వచ్చిందయ్యా. పాపం, చెయ్యి తప్పుతున్నట్టుంది. ఎవరితోనూ అనకు."

తిరిగొచ్చాక ఆర్థర్ స్టేషనులోనే ఎదురుపడ్డాడు. "ఎలాగెగిరింది?" త్యాగరాజు "నాలుగో స్థానం. బ్రహ్మాండంగా లాగింది" అన్నాడు. ఆర్థర్ మొహం వెలిగిపోయింది. మూడురోజుల పాటు ప్యాటర్ను షాపులో ప్రతివాడికీ చెప్పుకున్నాడు, కలకత్తా ఆకాశంలో తన పంఖా పాడిందని.

ఆ చెక్క ప్రొపెల్లర్ త్యాగరాజు ఇంట్లో గూట్లో ఉండేది. ఎప్పుడైనా ఆర్థర్ వచ్చి చూస్తే అబద్ధం బయటపడుతుంది, పైగా కొలిచి చూసుకుంటే బాధపడతాడు. అందుకని ఒకరోజు పొద్దున్న వేణ్నీళ్ల బాయిలర్లో పెట్టేశాడు. నూనె పట్టిన టేకు. చాలాసేపు నీలంగా మండింది.

"ఎవరితోనూ అనకు" అన్న మాట ఉమాపతి నోట్లో వారం రోజులు నిలిచింది. ఆ తర్వాత మలంచాలో టీకొట్టు దగ్గర జారింది. అక్కణ్నుంచి ప్యాటర్ను షాపుకి ఎంతసేపు? ఆర్థర్ పంఖా గొప్పలు విని విసిగినవాడెవడో మొహం మీదే అనేశాడట: "నీ పంఖా అసలు ఎక్కించనే నేదంట దాదా. కురచంట."

ఆ సాయంత్రం ఆర్థర్ సుభాష్‌పల్లి వచ్చాడు. కూర్చోలేదు.

"ఎంత కురచ, మేస్టారూ?"

త్యాగరాజు కుర్చీ ముందుకి జరిపాడు. "పోనీలే ఆర్థరూ. అదేమంత..."

"ఎంత?"

"పావంగుళం."

ఆర్థర్ తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. "ఓపాలి ఇయ్యండి, సూస్తాను."

"లేదు. విరిగిపోయింది."

"అలాగా." మళ్లీ తనే అన్నాడు, "మీరు బడి స్కేలుతో కొలిసుంటారు. మీ కొలత తప్పదు. మరి నేనూ కొలిసినానే, పదకొండే ఉండె నాకు. కళ్లు పోయినాయేమో."

అప్పుడు చెప్పవలసింది త్యాగరాజు. బడి స్కేలుతో కాదు, నీ వరండాలో నీ బల్ల మీది స్కేలుతోనే కొలిచానని. ఆ ఒక్క ముక్క అనుంటే, అక్కడికక్కడే తేలిపోయేది. అనలేదు. రొట్టె తింటూ దొంగచాటుగా కొలిచిన సంగతి ఒప్పుకోవాలి మరి. "వయసు అందరికీ వస్తుంది ఆర్థరూ" అని, భుజం మీద చెయ్యి వేశాడు. ఆర్థర్ ఆ చెయ్యి దులపలేదు. అది అక్కడ ఉన్నంతసేపూ కదలకుండా నిలబడి, తీసేశాక వెళ్లిపోయాడు.

పోట్లాట లేదు. అదే వచ్చిన చిక్కు. పోట్లాడుకుంటే కలవడానికి ఒక దారుంటుంది. ఆర్థర్ వీధిలో కనబడితే "నమస్కారం మేస్టారూ" అనేవాడు. ఆదివారాలు రావడం మానేశాడు. ఒకటి రెండుసార్లు త్యాగరాజు ఒక్కడే రన్‌వేకి వెళ్లాడు. ఇంజను తిప్పితే, పాడుతోందో ఏడుస్తోందో చెప్పేవాడు లేడు. విమానం మీద మళ్లీ దుప్పటి కప్పాడు.

ఆర్థర్ గురించి మాటలు మాత్రం వినబడేవి. ఒకప్పుడు కన్ను మూసి చెక్కినవాడు ఇప్పుడు ప్రతిదీ నాలుగుసార్లు కొలుస్తున్నాడట. కొలిచినది మరొకడి చేత కొలిపించుకుంటున్నాడట. రెండ్రోజుల పనికి వారం పడుతోందట. ఎవరూ ఏమీ అనకముందే తనే వెళ్లి, చెక్కపని వద్దు, స్టోర్సులో వెయ్యండి అని అడిగి వేయించుకున్నాడు. ఆఖరి మూడేళ్లూ ఆకురాళ్లు, మేకులు ఇచ్చి పుచ్చుకునే కిటికీ వెనక కూర్చుని, 1990లో రిటైరయ్యాడు. ఇవన్నీ విన్నప్పుడల్లా త్యాగరాజు, తను చూసింది నిజమేనని, పాపం చెయ్యి పోయిందని అనుకునేవాడు. జాలి పడేవాడు. ఆ జాలి తల్చుకుంటే తర్వాత ఆయనకి ఒళ్లు జలదరించేది.

1992లో విశ్వకర్మ పూజ నాడు ఉమాపతి బలవంతం మీద త్యాగరాజు వర్క్‌షాపు చూడ్డానికి వెళ్లాడు. ఏడాదికి ఆ ఒక్కరోజు గేట్లు తెరిచి ఊళ్లోవాళ్లని, పిల్లల్ని రానిస్తారు. యంత్రాలకి బొట్లు, అరటిపిలకలు, బంతిపూల దండలు. ఎక్కడ చూసినా కొత్త చీరలు, ఖిచిడీ వాసన. బయట ఆకాశం నిండా గాలిపటాలు. ప్యాటర్ను షాపులో ఒక బల్ల మీద పనిముట్లన్నీ పరిచి, కుంకం పెట్టి, పక్కన ఒక పనివాడు నిలబడి వచ్చినవాళ్లకి వివరిస్తున్నాడు. తెలుగువాడే.

"ఇదిగో సూడండి, ఇది మీ ఇంట్లో ఉండే స్కేలు. ఇది మాది. రెండింటి మీదా పన్నెండంగుళాలే రాసున్నాది. పక్కపక్కనెడితే?" రెండూ కలిపి పెట్టాడు. రెండో స్కేలు పావంగుళం పొడుగు. పిల్లలు నవ్వారు. "మోసం కాదర్రా. కరిగిన ఉక్కు సల్లారితే కుంచించుకుపోద్ది, అడుక్కి పావంగుళం. అంచేత చెక్కని ముందే అంత పెద్దగా సెయ్యాల. ప్రతిసారీ లెక్కెట్టుకోనక్కర్లేకుండా స్కేల్నే సాగదీసినారు. కాంట్రాక్షన్ స్కేలంటాం. ప్యాటర్నుపనోడి కాడ రెండూ ఉంటాయి. దీంతో మామూలు వస్తువు కొలిస్తే కురచగా సూపిస్తాది. సరిగ్గా అడుగుండే కర్ర పదకొండూ ముప్పావంటాది."

త్యాగరాజు ఆ రెండో స్కేలు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ల కింద అరిగిపోయిన ఉక్కు. పదకొండుని పన్నెండుతో హెచ్చవేసి, పన్నెండుంపావుతో భాగించడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు. పదీ ముప్పావు. వెంట్రుకవాసి ఎక్కువ.

"ఈ పని మాకు ఆర్థర్ దాదా నేర్పినాడు" అంటున్నాడు పనివాడు ఎవరితోనో. "ఆ సెయ్యి మళ్లీ పుట్టదు. ఏటయినాదో గానీ ఆఖర్న పిచ్చోడిలాగ కొలిసిందే కొలిసీవోడు."

ఉమాపతి చేతిలో ప్రసాదం దొన్నెతో వచ్చాడు. "ఏంటి మాస్టారూ, మొహం అలాగైపోయింది? ఖిచిడీ పడలేదా?"

గేటు బయటికొచ్చాక త్యాగరాజు అంతా చెప్పాడు. ఉమాపతి చేతిలో దొన్నె గోడ మీద పెట్టేశాడు. ఆ మాట టీకొట్టు దాకా మోసినవాడు తనే.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం మాస్టారూ? పోయిన ఉద్యోగం వస్తుందా? ఆయనకి మళ్లీ మంట, మీకు తేలిక. అంతేగా."

ఆ మాటలో నిజం ఉంది. త్యాగరాజు రోడ్డు మీద నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన తేలిక కోసమే వెళ్లాలనుకుంటున్నాడా? అవును, సగం. కానీ ఆ మనిషి తన చేతిని తనే నమ్మకుండా చచ్చిపోకూడదు. "నువ్వు ఇంటికెళ్లు ఉమాపతీ" అని, తాల్‌బగీచా వైపు నడిచాడు.

వెళ్లేసరికి దీపాలు పెట్టారు. ఆర్థర్ ముందుగదిలో పీట మీద కూర్చుని పాత కుర్చీకి కేను అల్లుతున్నాడు. రిటైరయ్యాక అదే పని. కొలత అక్కర్లేని పని. జుట్టు మొత్తం నెరిసింది. సూసన్న "రండి మేస్టారూ" అని, ఎందుకొచ్చాడో అర్థంకాక భర్త వైపు చూసింది.

త్యాగరాజు కూర్చోలేదు. చెప్పేశాడు. రొట్టెలు తినడం, బల్ల మీది స్కేలు, పదీ ముప్పావు, కలకత్తాలో బిగించకపోవడం, బాయిలర్, ఈరోజు షాపులో చూసిన రెండు స్కేళ్లు. ఏదీ దాచలేదు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా వరసగా చెప్పాడు.

ఆర్థర్ చేతిలో కేను ఆగిపోయింది.

"అంటే పదకొండే?"

"పదకొండే."

"సూసన్నా, ఇన్నావా? పదకొండేనంట." ఒక్క క్షణం ఆ మొహంలో పాత వెలుగు వచ్చింది, రన్‌వే మీద కళ్లు మూసుకున్నప్పటి వెలుగు. కుడిచెయ్యి ఎత్తి దీపం వైపు పట్టుకుని చూసుకున్నాడు. వేళ్లు కొద్దిగా వణుకుతున్నాయి. ఇప్పుడవి నిజంగానే వణుకుతున్నాయి. అది చూసి వెలుగు పోయింది.

"నాలుగుసార్లు కొలిసీవోణ్ని మేస్టారూ. పక్కనున్న కుర్రోళ్లకిచ్చి కొలవమనీవోణ్ని. నేను పని నేర్పినోళ్లకి. ఆళ్లు నవ్వుకుంటే, నవ్వుకోనీ, మేస్టారు సదూకున్నోరు, ఆయన కొలత తప్పదు అనుకున్నాను. నా సెయ్యి తప్పనుకున్నాను గానీ మీ కొలత తప్పని ఒక్కనాడు, ఒక్కనాడు అనుకోనేదు."

"మీరు నన్ను..." అన్నాడు త్యాగరాజు.

"ఇప్పుడు 'మీరు' అనకండి. కొత్తగా ఉన్నాది."

సూసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుపులో కోపం ఉంది. "అడగొచ్చు కదండీ బాబూ. ఈ స్కేలేటమ్మా అని నన్నడిగినా సెప్పుదును. నాకూ తెలుసది. నలభయ్యేళ్లుగా తుడిసి పెడతన్నాను."

ఇంటి ఇల్లాలికి తెలిసినది బీయస్సీ చదివిన తనకి తెలియలేదు. అడగడానికి తోచలేదు కూడా. అడగడమంటే, చెక్కపనివాడి దగ్గర తనకి తెలియనిదొకటి ఉంటుందని ముందు తట్టాలి.

"నన్ను క్షమించు ఆర్థరూ."

ఆర్థర్ కేను ముక్కలు ఏరి ఒకపక్కన పెట్టాడు. తొందరపడలేదు. "సెమించమని మాకు వారవారం సెప్తారు. నేనే పాడతాను ఆ పాట. సెమిస్తాను. దానికేటి, నోటి మాట. గానీ మేస్టారూ, మీరు సెడ్డోరైతే నాకు సులువయ్యీది. నాలుగు తిట్టి ఊరుకుందును. మీరు నా మనసు కష్టపెట్టకూడదని సేసినారు. దాన్నేటి సెయ్యాలో నాకు తెలవటం నేదు."

గోడమీద గడియారం కొట్టుకుంటోంది. ఎనిమిది కావస్తోంది.

"మళ్లీ రమ్మంటావా?" అన్నాడు త్యాగరాజు చివరికి.

ఆర్థర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, చెక్కని చేతిలో తిప్పి ఈనె ఎటుందో చూసినట్టు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేస్టారూ. మీరొస్తే నేను నవ్వాల. నవ్వనేను. నవ్వకపోతే మీరు బాధపడతారు. మళ్లీ నేనే ఓదార్సాల." లేచి నిలబడ్డాడు, మోకాలి మీద చెయ్యి ఆనించుకుని. "సెప్పినారు. మంచిపని సేసినారు. ఇంక ఎల్లండి."

త్యాగరాజు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఆర్థర్ వరండా లైటు వేశాడు. ఆ వీధిలో దీపాలు లేవు. చెప్పులు తొడుక్కోవడం అయ్యేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "గేటు కాడ కాలవ తవ్వినారు, సూసుకోండి" అన్నాడు.

త్యాగరాజు కాలవ దాటి వెనక్కి చూశాడు. ఆర్థర్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన రోడ్డెక్కడం చూసి, లైటు ఆర్పకుండానే లోపలికి జరిగి, రెండు చేతులతో తలుపు దగ్గరికి తీసుకొచ్చి, చప్పుడు కాకుండా రాత్రికి గడియ పెట్టుకున్నాడు.